పెరట్లో పెట్టిన ల్యాప్‌టాప్

"తలుపు తియ్యకండి!"

టైలరమ్మ అరిచిన అరుపుకి గడియ మీద పడ్డ భర్త చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పెరటి తలుపు మూసి పావుగంటయింది. తలుపుకి అవతల, నీళ్ళ తొట్టి పక్కనున్న సిమెంటు గట్టు మీద, కూతురు పిచ్చుక ల్యాప్‌టాప్ బోర్లా పడి ఉంది. వెనక మూత ఊడదీసి ఉంది. లోపలి బ్యాటరీ దూది కూరిన దిండులా ఉబ్బి పైకి కనిపిస్తోంది. అందులోంచి ఇందాక వచ్చిన బుస ఆగిందో, ఇంకా వస్తూనే ఉందో, వంటగది కిటికీలోంచి చూస్తున్న ముగ్గురిలో ఎవరికీ తెలియడం లేదు.

"పొగ కనిపించడం లేదు" అన్నాడు భర్త.

"కనిపించకపోతే లేనట్టా?"

అతను గడియ మీంచి చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ చెయ్యి జేబులో కూడా వణుకుతూనే ఉందని టైలరమ్మ చూసింది. పది అంతస్తుల ఎత్తున, నడుముకి పట్టీ కట్టుకుని వేలాడుతూ లిఫ్టులు బాగుచేసే మనిషి. కిందికి చూస్తే కళ్ళు తిరగవా అని అడిగితే, "కిందికి చూడమని ఎవడు చెప్పాడు?" అని నవ్వే మనిషి. రెండేళ్ళ కిందట ఒక భవనంలో బ్యాటరీల గది అంటుకుని తోటి మెకానిక్కు చేతులు కాలిపోతే, అతన్ని భుజాన వేసుకుని మెట్లు దిగింది ఇతనే. ఆ వాసన గురించి ఇంట్లో ఒక్కసారి చెప్పాడు. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎంత సంబరంగా వచ్చాడు! ఒక చేతిలో కొత్త డిస్కు, ఇంకో చేతిలో మెమరీ ముక్క. "రేపు నీ ప్రాజెక్టు ఎలా పరిగెడుతుందో చూసుకో" అంటూ కూతురి ల్యాప్‌టాప్‌ని బల్ల మీద బోర్లించాడు. వద్దు నాన్నా, వద్దు నాన్నా అని పిచ్చుక అంటూనే ఉంది. మూత రాగానే ముగ్గురూ నోళ్ళు తెరిచారు. అతను స్క్రూడ్రైవరు మొనతో ఆ ఉబ్బుని కాస్త లేపి చూద్దామనుకున్నాడు. అంతే. 'బుస్స్' మంది. గోళ్ళ రంగు సీసా మూత తీసినట్టు ఒక తియ్యటి ఘాటు. సన్నటి తెల్లటి పొగ. ల్యాప్‌టాప్‌ని పళ్ళెంలోకి తోసి, పళ్ళెంతో సహా పెరట్లోకి పరిగెత్తాడు.

"అది ఎన్నాళ్ళ నుంచి అలా ఉంది?" అన్నాడు ఇప్పుడు, కూతురి వైపు తిరగకుండా.

పిచ్చుక అన్నది చిన్నప్పుడు నాలుగు గింజలు తిని లేచిపోయేదని పెట్టిన ముద్దుపేరు. పందొమ్మిదేళ్ళొచ్చినా ఇంట్లో అదే మిగిలిపోయింది. ఇప్పుడు నిజంగానే పిచ్చుకలా గోడకి ఒదిగి నిలబడింది.

"నిన్నే."

"నెలయింది నాన్నా."

"నెలా?"

"వేలు పెట్టి కదిపే పలక ఉంటుంది కదా, కింద... అది పైకి లేచింది. మూత సరిగ్గా పడేది కాదు. రాత్రి పడుకునే ముందు దాని మీద పుస్తకాలు బరువు పెట్టేదాన్ని. పొద్దున్నకి కొంచెం అణిగినట్టుండేది."

టైలరమ్మ కూతురి వైపు తిరిగింది.

"రాత్రిపూట అది నీ పక్కలోనే కదే ఉండేది! తల దగ్గర పెట్టుకుని, ఛార్జింగుకి పెట్టుకుని..."

"అమ్మా..."

"నీ జుట్టు పక్కనే కదే!"

నెల రోజులు. ముప్పై సార్లు ఆ గది లైటు తనే ఆర్పింది. ముప్పై సార్లు దుప్పటి సర్ది వచ్చింది. దుప్పటి కింద ఆ ఉబ్బు మీద ఈ పిల్ల పుస్తకాలు పేర్చి, అణిగిందిలే అని కళ్ళు మూసుకుంది.

"ఎందుకు చెప్పలేదు?" భర్త గొంతు లేచింది. "నేనేమన్నా రాక్షసుణ్ణా? చెప్తే మింగేస్తానా?"

"చెప్తే కొత్తది అడిగినట్టు ఉంటుందని..."

"అడిగితే ఏమయ్యేది? ఇల్లు తగలబడేదా? అడక్కపోతేనే కదా తగలబడబోయింది!" అతను కిటికీ చట్రం మీద అరచేత్తో కొట్టాడు. "విను. ఇదే ఆఖరు. ఈ ఇంట్లో ఇంకొక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నా దగ్గర దాచావని తెలిసిందో..."

మాట పూర్తి చెయ్యలేదు. పూర్తి చేసి ఉంటే అంత భయం వేసేది కాదు. పిచ్చుక ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క బ్యాటరీ సంగతికి ఇంతగా బిగుసుకుపోతుందేమిటి పిల్ల అని టైలరమ్మకి లీలగా తోచింది. తోచినదాన్ని పట్టుకునే తీరిక లేదు.

"దాన్నంటారేం?" అంది, కూతురికి అడ్డం వస్తూ. "అసలు స్క్రూడ్రైవరుతో పొడవమని మిమ్మల్నెవరన్నారు?"

"నేనూ అడుగుతాను. ఆ రోజు కొట్లో ఈ డబ్బానే కావాలని పట్టుబట్టిందెవరు?"

అంతే. టైలరమ్మ కిటికీ దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

పట్టుబట్టింది తనే. పిచ్చుక ఇళ్ళ నక్షాలు గీసే కోర్సులో చేరిన వారం. కొట్లో పిల్ల వేలు పెట్టి చూపించింది ఒక పాత ల్యాప్‌టాప్‌ని. ఏదో ఆఫీసు వాళ్ళు వాడి ఇచ్చేసినది. నల్లగా, లావుగా, మూల చెక్కు లేచి ఉంది. "ఇది గట్టిదమ్మా, ప్రాసెసర్ మంచిది, తర్వాత మెమరీ వేసుకోవచ్చు" అంది. టైలరమ్మకి నచ్చలేదు. ఎవరో వాడి పారేసింది నా కూతురికెందుకు అంది. పక్కన వెండి రంగులో, పల్చగా, ఇంత పెద్ద తెరతో మెరిసిపోతున్న కొత్తదాన్ని చూపించింది. అదే ఖరీదులో వస్తోంది కూడాను. పిచ్చుక ఒక్క నిమిషం నిలబడి, "సరే అమ్మా" అంది. పైన పటారం, లోన లొటారం అని తెలియడానికి ఆర్నెల్లు పట్టలేదు. నక్షా తెరిస్తే అది గుడ్లప్పగించి కూర్చునేది. పిల్ల ఒక గీత గీసి, అది తెర మీద పడేలోపు మంచినీళ్ళు తాగి వచ్చేది.

"నేనే" అంది టైలరమ్మ. "తప్పు నాదే. చాలా?"

భర్త తల తిప్పుకున్నాడు. అన్నందుకు అతనికే బాధగా ఉందని ఆమెకి తెలుసు. తెలిసినా గుండెలో పడ్డ మాట బయటికి రాదు.

"పోనీండి నాన్నా" అంది పిచ్చుక మెల్లగా. "అది అలా ఉండనీండి. చల్లారాక ఎవరికైనా ఇచ్చేద్దాం."

"రేపు పదింటికి ప్రాజెక్టు ఇవ్వాలన్నావు!" అంది టైలరమ్మ.

"ఫర్వాలేదు."

"ఆ ఆసుపత్రి నక్షా అంతా అందులోనే ఉందన్నావు కదే. ఏడాది గీశావు."

"ఫర్వాలేదమ్మా. ఫైళ్ళు అక్కర్లేదు. దాని జోలికి వెళ్ళకండి."

అక్కర్లేదట. కళ్ళు ఎర్రగా చేసుకుని గీసినవి అక్కర్లేదట. మనకేమవుతుందోనన్న భయంతోనే అలా అంటోందని టైలరమ్మ అనుకుంది. ఆ అనుకోవడంతోనే ఆమెకి మొండితనం వచ్చింది.

సరిగ్గా అప్పుడు పెరట్లో వెలుగు తగ్గింది. ముగ్గురూ ఒకేసారి పైకి చూశారు. మేడల సందులోంచి నల్లటి మబ్బు తోసుకొస్తోంది.

"మూలిగే నక్క మీద తాటికాయ" అన్నాడు భర్త.

"గొడుగు పెడదామా?" అంది ఆమె.

"బాంబుకి గొడుగా?"

మరొకప్పుడైతే నవ్వొచ్చేది.

రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ ఉంది. యాభై దాటిన మనిషి, ఒకప్పుడు రేడియోలు బాగుచేసేది. ఊళ్ళో అందరికీ రిపేరు అక్క. టైలరమ్మ ఫోను చేసి, స్పీకరు పెట్టి గట్టు మీద ఉన్నదాన్ని వర్ణించింది.

"ముందు ఇది చెప్పు" అంది అక్క. "వేడిగా ఉందా?"

"దగ్గరికి వెళ్ళలేదక్కా."

"మంచి పని చేశారు. బుస వస్తుంటే, వేడి తగులుతుంటే దాన్ని మర్చిపోండి, పోయేది పెట్టె ఒక్కటే. చల్లగా ఉంటే బ్యాటరీ జోలికి పోకుండా డిస్కు ఒక్కటీ తియ్యొచ్చు. నేనే వచ్చేదాన్ని గానీ, కొట్టు మీద ఒక్కదాన్నే ఉన్నాను. వాన ఎంతలో ఉంది?"

"మీద పడేట్టుంది."

"డిస్కు తడిస్తే మాత్రం ఆశ వదులుకోవాలి."

భర్త చొక్కా చేతులు మడిచాడు. "నేను తీస్తాను."

టైలరమ్మ అతని వేళ్ళ వంక చూసింది. అతను కూడా చూసుకున్నాడు. ఆమె తన కుట్టుమిషన్ దగ్గరికి వెళ్ళి, సూదికి దారం ఎక్కించే సన్నటి పటకారు, చిన్న స్క్రూడ్రైవరు తెచ్చుకుంది. పాతికేళ్ళుగా కంటికి కనపడని కుట్లు వేసిన వేళ్ళు. ఏ వణుకైనా మోచేతి దగ్గరే ఆగిపోవాలి, వేళ్ళ దాకా రాకూడదు.

"అమ్మా, వద్దు." పిచ్చుక ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకు దణ్ణం పెడతాను, వద్దు. ఆ డిస్కు నాకక్కర్లేదు."

"నాకు కావాలి" అంది టైలరమ్మ.

భర్త పక్కింటి వాళ్ళు మేడ కట్టడానికి పోయించిన ఇసుక ఇనప బకెట్టుతో తెచ్చి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. పిచ్చుక గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడింది. టైలరమ్మ గట్టు దగ్గరికి నడిచింది. పది అడుగుల పెరడు. ఆమెకది దాటడానికి ఏడాది పట్టినట్టుంది.

చేతి వెనక వైపుని, తాకీ తాకనట్టు, ఉబ్బు మీదికి తెచ్చింది. చల్లగా ఉంది.

"చల్లగా ఉందక్కా."

"బ్యాటరీ నుంచి బోర్డుకి ఒక తీగల గుత్తి వెళ్తుంది. చివర తెల్లటి బొడిపె. తీగలు పట్టుకుని లాగొద్దు, బొడిపెని పట్టుకుని గోటితో వెనక్కి జరుపు."

జరిపింది. రాలేదు. మళ్ళీ జరిపింది. 'టిక్' మని ఊడింది. ఆ టిక్కుకే వెనకాల భర్త బకెట్టు ఎత్తాడు.

"ఏం కాలేదు, ఏం కాలేదు" అంది, అతనితోనో తనతోనో.

"ఇప్పుడు డిస్కు. బ్యాటరీ పక్కన, ఇనప చట్రంలో ఉంటుంది. నాలుగు స్క్రూలు."

ఒకటి వచ్చింది. రెండోది వచ్చింది. గింజంతంత స్క్రూలు, కుట్టుమిషన్ స్క్రూల ముందు ఇవి దుమ్ము రేణువులు. మూడోదాన్ని పటకారుతో ఎత్తుతుంటే జారింది. జారి, దొర్లి, బ్యాటరీకీ చట్రానికీ మధ్యనున్న సందులో పడింది.



"ఏమయింది? మాట్లాడరేం?" అంది ఫోనులో అక్క.

"స్క్రూ బ్యాటరీ పక్కన పడింది."

"ఇనప ముక్క దేనితోనూ పొడవొద్దు. పటకారు అసలొద్దు."

టైలరమ్మకి తళుక్కున తోచింది. "సూదులు ఏరే అయస్కాంతం ఉంది నా దగ్గర. అది పెడితే..."

"అయ్యో, అయస్కాంతమా! బ్యాటరీ పక్కనా? స్క్రూ ఎగిరి దానికి గుచ్చుకుందంటే మళ్ళీ బుస మొదలవుతుంది తల్లీ! అంటించే టేపు ఉందా? పెన్సిలు చివర జిగట వైపు పైకి వచ్చేలా చుట్టు. మెత్తగా అద్ది పైకి తియ్యి. ఒత్తొద్దు."

టేపు చుట్టిన పెన్సిలు పిచ్చుకే తెచ్చింది. గుమ్మం దాటి వచ్చి, తల్లి చేతికిచ్చి, వెనక్కి వెళ్ళలేదు. మొదటి చినుకు టైలరమ్మ మెడ మీద పడింది. ఆమె పెన్సిలు సందులోకి దించింది. అద్దింది. పైకి తీసింది. ఖాళీ. రెండోసారి దించింది. ఉబ్బు చర్మం పెన్సిలు కర్రకి మెత్తగా తగిలింది. మెల్లగా, మెల్లగా పైకి తీసింది. టేపు కొసన స్క్రూ మెరిసింది.

నాలుగోది వచ్చింది. డిస్కు పక్కకి జరిగి అరచేతిలోకి వచ్చింది. ఆమె దాన్ని జాకెట్టులో దోపుకుని గుమ్మంలోకి పరిగెత్తేసరికి, వెనకాల భర్త ల్యాప్‌టాప్‌ని బకెట్టులోకి దించి, ఇసుక కప్పి, ఇనప మూత బోర్లించి, గోడకి దూరంగా చూరు కింద పెట్టాడు. వాన ధడాలున దిగింది.

"మీరు వెళ్ళండి" అన్నాడు. అతని చొక్కా వానకి తడిసిందో, చెమటకి తడిసిందో తెలియలేదు. "నేను దీనికి కాపలా ఉంటాను. కాసేపు చూసి వస్తాను." గుమ్మం దాటుతున్న భార్యని మళ్ళీ పిలిచాడు. "ఇందాక కొట్టు సంగతి అనకుండా ఉండాల్సింది."

ఆమె తలూపింది. అంతకన్నా ఆ పూట ఇద్దరికీ చేతకాలేదు.

రిపేరు అక్క కొట్లో మూడు గోడలకీ విప్పిన పెట్టెలే. ఆవిడ డిస్కుని తుడిచి, ఒక తీగతో తన కంప్యూటరుకి తగిలించింది.

"మీ ఆయన మెమరీ ముక్క కొన్నాడన్నావు కదా, చూపించు" అంది. చూసి పెదవి విరిచింది. "దీనికి ఇది పట్టదు. ఈ పల్చటి పెట్టెల్లో మెమరీ బోర్డుకే అతికించేస్తారు. పెంచడానికి చోటే ఉండదు. పిల్లల చదువుకైతే ఆఫీసులో వాడిన పాతవే మేలు, నాలాంటివాళ్ళు విప్పి వెయ్యడానికి వీలుంటుంది. పాతదంటే భయపడతారు గానీ."

టైలరమ్మ తల వంచుకుంది. పిచ్చుక తెర వైపు చూడటం లేదు. తలుపు వైపు చూస్తోంది.

"అమ్మా, ఇంటికి వెళ్దాం. అక్క తర్వాత చూస్తుంది."

"ఉండవే, బతికిందో లేదో చూడనీ."

తెర మీద వరసగా పేర్లు పడ్డాయి. ఆసుపత్రి నక్షా, ఆసుపత్రి నక్షా రెండు, మెట్లు, కిటికీలు. టైలరమ్మకి కన్నీళ్ళొచ్చాయి. "ఉన్నాయే! అన్నీ ఉన్నాయే!"

"పేర్లుంటే చాలదు, తెరుచుకోవాలి" అంది అక్క. "అన్నిటికన్నా కొత్తది ఒకటి తెరిచి చూద్దాం."

"వద్దక్కా!" అంది పిచ్చుక.

అప్పటికే నొక్కేసింది.

నక్షా కాదు. ఒక కాగితానికి తీసిన ఫొటో. పిచ్చుక గుండ్రటి దస్తూరీ. 'గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి. కుటుంబ పరిస్థితుల వల్ల నా చదువు ఈ నెలతో విరమించుకుంటున్నాను. ఇందుకు మా తల్లిగారి సమ్మతి ఉన్నది.' కింద పిచ్చుక సంతకం. దాని పక్కన, ఇంకో సంతకం.

టైలరమ్మ దాన్ని చూసింది. తన సంతకమే. మొదటి అక్షరం పెద్దది, చివరి కొమ్ము కిందికి జారి ఆగిపోయింది. తను ఎన్నడూ పెట్టని సంతకం.

అక్క కుర్చీలోంచి లేచి, ఏదో తీగ వెతుక్కునే నెపంతో వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇది కాలేజీలో ఇచ్చేశావా?" అంది టైలరమ్మ.

"జట్టులో ఎవరూ కలుపుకోలేదమ్మా" అంది పిచ్చుక. పెదాలు మాత్రమే కదులుతున్నాయి. "నాది తెరుచుకునేలోపు వాళ్ళ పని అయిపోయేది. రెండు పేపర్లు పోయాయి. మీకు చెప్పలేదు. మళ్ళీ కొత్తది కొనమని ఎలా..."

"ఇచ్చేశావా అని అడుగుతున్నాను."

బయట స్కూటరు ఆగింది. తడిసిన చెప్పులు గుమ్మంలో విదిలించిన చప్పుడు.

"చల్లారింది!" భర్త గొంతులో ఈ పూట మొదటిసారి నవ్వుంది. "ఇసుకలో బుద్ధిగా కూర్చుంది. ఇక్కడేమిటి సంగతి, ఫైళ్ళు బతికాయా?"

అక్క చెయ్యి మౌసు మీద లేదు. తెర మీంచి కాగితం పోలేదు. అతను దగ్గరికొచ్చి, కళ్ళు చిట్లించి, ఒక్కొక్క మాటా పెదాలతో చదివాడు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. చివరికొచ్చేసరికి అది కూడా పోయింది.

"ఇదేమిటి?" అన్నాడు కూతురితో. "మీ అమ్మ సంతకం ఎవరు పెట్టారు?"

పిచ్చుక నోరు తెరిచింది. ఆ భుజాలు వణకడం టైలరమ్మ చూసింది. అతని చెయ్యి కుర్చీ వీపు మీద బిగుసుకోవడం చూసింది.

"నేనే పెట్టాను" అంది.

పిచ్చుక తల ఒక్క ఉదుటున తల్లి వైపు తిరిగింది.

అతను భార్య వంక చాలాసేపు చూశాడు. ఇరవై ఏళ్ళలో ఎన్నడూ అలా చూడలేదు.

"ఎప్పుడు?" అన్నాడు.

టైలరమ్మ తేదీ కోసం తెర మీద వెతికింది. అక్షరాలన్నీ ఒకదాంట్లో ఒకటి అలుక్కుపోయి, ఒక్కటీ కనపడలేదు.